రోవర్‌కు సిమ్ ఎందుకు: ఉపగ్రహం చెప్పేదెంత, నేల మీద నుంచి వచ్చేదెంత

కవిటి మండలంలో పనిచేస్తున్న ఒక గ్రామ సర్వేయర్ గారు అడిగిన ప్రశ్న ఇది. కొబ్బరితోట సరిహద్దు కొలుస్తుంటే రోవర్ (ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే సర్వే పరికరం) తెర మీద ముప్పైకి పైగా ఉపగ్రహాలు కనిపిస్తున్నాయి. అయినా మొబైల్ సిగ్నల్ పోగానే సెంటీమీటర్ల కచ్చితత్వం ఉన్న ‘ఫిక్స్’ కాస్తా, అంత కచ్చితం కాని ‘ఫ్లోట్’కు పడిపోతోంది. పక్కన నిలబడ్డ రైతు, ‘ఆకాశం నుంచి వచ్చేదానికి సిమ్ కార్డు ఎందుకు బాబూ?’ అని అడిగారట. బారువలో చేపల వేటకు వెళ్లే సర్వేయర్ గారి మేనమామ పడవలో జీపీఎస్ ఉంది. దానికి సిమ్ లేదు, ఒడ్డు కనిపించనంత దూరంలోనూ చక్కగా పనిచేస్తుంది. అసలు ఉపగ్రహానికీ మన పరికరానికీ మధ్య డేటా ఎలా ఇచ్చిపుచ్చుకుంటారు, రైతుకు ఏమని చెప్పాలి అన్నది ఆయన సందేహం.

సర్వేయర్ గారూ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సర్వే పరికరాలతో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఆ రైతు అడిగినది చాలా మంచి ప్రశ్న. దానికి సూటి జవాబు ఇది. మీ చేతిలోని రోవర్‌కూ ఆకాశంలోని ఉపగ్రహాలకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఏమీ లేదు. ఉపగ్రహం చెబుతూ పోతుంది, రోవర్ వింటుంది. రోవర్ నుంచి ఒక్క మాట కూడా పైకి వెళ్లదు. సోంపేటలో ఏ ఇంట్లో రేడియో మోగుతోందో విశాఖ ఆకాశవాణి కేంద్రానికి ఎలా తెలియదో, కింద ఎవరు వింటున్నారో ఉపగ్రహానికి కూడా అలాగే తెలియదు. కోట్ల ఫోన్లు ఒకేసారి వాడుతున్నా జీపీఎస్‌కు రద్దీ అన్నది లేకపోవడానికి కారణం ఇదే. ఇక సిమ్ ద్వారా వచ్చేది ఉపగ్రహం మాట కాదు. నేల మీద మరోచోట స్థిరంగా ఉన్న రిసీవర్ మాట. ఈ రెండు దారులనూ విడివిడిగా చూడడం అలవాటైతే, తెర మీద ఇబ్బంది కనిపించిన ప్రతిసారీ అది ఏ దారిలో వచ్చిందో మీరే చెప్పగలుగుతారు. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాను.

జీపీఎస్ ఉపగ్రహం భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. నెత్తిమీద ఉన్నప్పుడు దాని సంకేతం మీ యాంటెన్నాను చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ ప్రసారంలో మూడు పొరలు ఉంటాయి. మొదటిది వాహక తరంగం. ఎల్1 అని పిలిచేది 1575.42 మెగాహెర్ట్జ్ మీద, ఎల్5 అన్నది 1176.45 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. రెండోది ఆ తరంగం మీద ఎక్కించిన కోడ్. ఎల్1 మీది సాధారణ కోడ్ 1023 ఒకట్ల, సున్నాల వరుస. మిల్లీసెకనులో పూర్తయి మళ్లీ మొదలవుతుంది. ప్రతి ఉపగ్రహానికీ తనదైన వరుస ఉంటుంది కాబట్టి జీపీఎస్ ఉపగ్రహాలన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడుతున్నా రిసీవర్ వాటిని వేరుచేసి వినగలదు. మూడోది అసలు సందేశం.

నేలను చేరేసరికి ఈ సంకేతం ఎంత బలహీనమవుతుందంటే, రిసీవర్ సొంత ఎలక్ట్రానిక్ రొద కంటే కూడా కింద ఉంటుంది. మామూలుగా వింటే అక్కడ ఏమీ ఉన్నట్టే తెలియదు. రిసీవర్ అదే 1023 అంకెల వరుసను తనలో తాను తయారుచేసుకుని, వచ్చే రొద పక్కన పెట్టి, కొద్దికొద్దిగా జరుపుతూ పోతుంది. రెండూ సరిగ్గా కలిసిన చోట రొదలోంచి సంకేతం పైకి తేలుతుంది. ఎంత జరిపితే కలిసిందో అదే ప్రయాణ కాలానికి కొలత. కాలాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం. ఈ ఏర్పాటు గురించి ఎన్నిసార్లు ఆలోచించినా నాకు ముచ్చటగానే ఉంటుంది. సందేశాన్ని గుర్తుపట్టడానికి వాడిన వరుసే దూరం కొలిచే టేపుగా కూడా పనికొస్తోంది.

సందేశం నడక మాత్రం మన రోజుల లెక్కలో చాలా నెమ్మది. సెకనుకు 50 బిట్లు. ఒక మెగాబైటు ఫోటోను ఈ వేగంతో పంపితే 44 గంటలు పడుతుంది. అందుకే అందులో ప్రతి బిట్టునూ పొదుపుగా వాడారు. 300 బిట్లు ఒక ఉపభాగం, దానికి 6 సెకన్లు. ఐదు ఉపభాగాలు కలిస్తే 1500 బిట్ల ఫ్రేము, దానికి 30 సెకన్లు. మొదటి ఉపభాగంలో ఆ ఉపగ్రహం గడియారం ఎంత తప్పుతోందో, ఉపగ్రహం ఆరోగ్యం ఎలా ఉందో ఉంటుంది. రెండు, మూడింటిలో దాని కక్ష్య వివరాలు. వీటిని ఎఫెమెరిస్ అంటారు. ఈ మూడూ తనకు సంబంధించినవే కాబట్టి ప్రతి 30 సెకన్లకూ మళ్లీ చెబుతుంది. నాలుగు, ఐదింటిలో మిగతా ఉపగ్రహాలన్నీ సుమారుగా ఎక్కడున్నాయో చెప్పే పంచాంగం, ఐనోస్ఫియర్ (సంకేతాన్ని ఆలస్యం చేసే పై వాతావరణపు పొర) సవరణలు, ప్రపంచ కాలమానంతో తేడా ఉంటాయి. ఇవి పేజీ తర్వాత పేజీగా వస్తాయి. 25 పేజీలూ వినాలంటే పన్నెండున్నర నిమిషాలు కావాలి.

ఇప్పుడు మీ కొబ్బరితోటకు వద్దాం. 50 బిట్ల మాటలో మధ్యలో ఒక మట్ట అడ్డం వచ్చి అర సెకను తెగినా పాతిక బిట్లు పోతాయి. సందేశంలో ప్రతి 30 బిట్ల పదానికీ చివరి 6 బిట్లు తప్పులు పట్టడానికే ఉన్నాయి. ఆ పరీక్షలో తప్పిన పదాన్ని రిసీవర్ పక్కన పడేస్తుంది, మళ్లీ 30 సెకన్లు ఆగి వింటుంది. ఉద్దానంలో తోట లోపల రోవర్ ఆన్ చేసి, గాలికి మట్టలు ఊగుతుంటే, ఉపగ్రహాలు కనిపిస్తున్నా లెక్కలోకి రావడం ఆలస్యమవుతుందని మీరు గమనించే ఉంటారు. అందుకే రోవర్‌ను ఎప్పుడూ తోట బయట, ఆకాశం విప్పారిన చోట ఆన్ చేయండి. రెండు మూడు నిమిషాలు అక్కడే నిలబెట్టి తర్వాత లోపలికి తీసుకెళ్లండి. మీ ఫోను మాత్రం ఆన్ చేయగానే చోటు చూపిస్తుంది. ఎందుకంటే అది ఈ ఎఫెమెరిస్‌ను ఆకాశం నుంచి వినేదాకా ఆగదు, మొబైల్ నెట్ ద్వారా ముందే తెచ్చుకుంటుంది.

ఈ లెక్కలన్నీ ఉపగ్రహానికి ఎలా తెలుస్తాయని మీకు సందేహం రావాలి. దానంతట దానికి తెలియవు. ప్రపంచమంతటా ఉన్న పర్యవేక్షక కేంద్రాలు ఈ ప్రసారాలనే మనలాగే వింటాయి. వాటి కొలతలు అమెరికాలోని కొలరాడోలో ఉన్న ప్రధాన నియంత్రణ కేంద్రానికి చేరతాయి. అక్కడ ప్రతి ఉపగ్రహం కక్ష్యనూ గడియారాన్నీ లెక్కగట్టి, రాబోయే గంటలకు అంచనా తయారుచేసి, భూకేంద్రాల పెద్ద యాంటెన్నాల ద్వారా వేరే ఫ్రీక్వెన్సీలో ఉపగ్రహాలకు ఎక్కిస్తారు. మామూలుగా రోజుకు ఒకసారైనా ఈ పని జరుగుతుంది. అంటే డేటాను నిజంగా ఇచ్చిపుచ్చుకునేది ఉపగ్రహమూ దాని యజమానీ. మనం ఆ సంభాషణ ఫలితాన్ని మాత్రమే వింటాం. ఉపగ్రహంలోని పరమాణు గడియారం, ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పినట్టే, నేల మీది గడియారం కంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. ఆ కాలంలో కాంతి 11 కిలోమీటర్లు నడుస్తుంది. అందుకని ఆ గడియారాన్ని నేల మీదే కొంచెం నెమ్మదిగా తిరిగేలా సరిచేసి పంపుతారు.

మన సొంత వ్యవస్థ నావిక్‌ది కొంచెం వేరే అమరిక. 2013 జూలై 1న మొదటి ఉపగ్రహం వెళ్లింది. ఇవి ప్రపంచం చుట్టూ తిరిగేవి కావు. మన దేశానికి ఎప్పుడూ కనిపించేలా దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, కొన్ని ఒకేచోట నిలిచినట్టు, మిగతావి ఆకాశంలో ఎనిమిది అంకె గీస్తున్నట్టు కదులుతాయి. ఎల్5తో పాటు ఎస్ బ్యాండులో 2492.028 మెగాహెర్ట్జ్ మీద కూడా ప్రసారం చేస్తాయి. సందేశం వేగం ఇంకా తక్కువ, అసలు సమాచారం సెకనుకు 25 బిట్లే. అదే సమాచారాన్ని దోషాలు సరిదిద్దుకోగలిగేలా రెట్టింపు చేసి 50 గుర్తులుగా పంపుతారు. మధ్యలో కొన్ని చెడినా రిసీవర్ మిగతావాటిని బట్టి పూరించుకోగలదు. నాలుగు ఉపభాగాల్లో మొదటి రెండూ స్థాన నిర్ణయానికి. మూడు, నాలుగింటిలో వేర్వేరు రకాల సందేశాలు పెట్టవచ్చు. అందులో అక్షరాలతో రాసిన హెచ్చరిక కూడా ఒక రకం. బారువ మామయ్య గారికి పనికొచ్చేది ఇదే, దాని దగ్గరకు మళ్లీ వస్తాను. నావిక్ తొలి ఉపగ్రహాల్లో విదేశీ రుబీడియం గడియారాలు కొన్ని చెడిపోయాయి. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబీడియం గడియారాన్ని పెట్టారు. ఫోన్లలో సులువుగా వాడుకునేందుకు ఎల్1 ప్రసారాన్ని కూడా దాంతోనే మొదలుపెట్టారు. సొంత గడియారం చేసుకోవడం ఈ రంగంలో చాలా పెద్ద విషయం. ఒక నానోసెకను తప్పితే 30 సెంటీమీటర్లు తప్పినట్టే.

ఇంతవరకు చెప్పినదానితో రిసీవర్‌కు దొరికేది మీటర్ల స్థాయి స్థానం. పడవకు అది చాలు. నడిసంద్రంలో మూడు నాలుగు మీటర్ల తేడా ఎవరికీ పట్టదు. మీ పనికి మాత్రం చాలదు. వంద మీటర్ల పొడవున్న గట్టు అర మీటరు పక్కకు జరిగితే 50 చదరపు మీటర్లు, అంటే సెంటుంపావు దాకా పొలం ఒకరి నుంచి మరొకరికి పోతుంది. ఉద్దానంలో సెంటు భూమికి అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకే ‘ఫ్లోట్’లో ఉన్నప్పుడు ఒక్క పాయింటు కూడా నమోదు చేయవద్దని శిక్షణకు వచ్చే ప్రతి సర్వేయర్‌కూ గట్టిగా చెబుతాను.

సెంటీమీటర్ స్థాయికి వెళ్లాలంటే కోడ్‌ను వదిలి వాహక తరంగాన్నే కొలవాలి. ఎల్1 తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. అందులో ఎన్నో వంతులో ఉన్నామో రిసీవర్ మిల్లీమీటర్ల వరకు చెప్పగలదు. చిక్కేమిటంటే ఏ తరంగమైనా పక్క తరంగంలాగే ఉంటుంది. ఉపగ్రహానికీ మీకూ మధ్య పూర్తి తరంగాలు ఎన్ని కోట్లు ఉన్నాయో దానికి తెలియదు. ఆ పూర్ణసంఖ్యలను ఖాయంగా కనుక్కుంటే ‘ఫిక్స్’. ఇంకా పూర్ణసంఖ్యలుగా తేలక దశాంశాల్లో ఊగుతుంటే ‘ఫ్లోట్’. తేల్చడానికి అడ్డొచ్చేవి ఉపగ్రహ గడియారంలోని తప్పు, కక్ష్యలోని తప్పు, ఐనోస్ఫియర్, వాతావరణంలోని తేమ. మీకు కొంత దూరంలో, అక్షాంశ రేఖాంశాలు ముందే కచ్చితంగా తెలిసిన చోట మరో రిసీవర్ అవే ఉపగ్రహాలను అదే క్షణాన వింటుంటే, ఈ తప్పులన్నీ రెండింటికీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే చాలావరకు కొట్టుకుపోతాయి. ఈ పద్ధతినే ఆర్‌టీకే అంటారు. అందుకు ఆ రెండో రిసీవర్ విన్నది మీ రోవర్‌కు క్షణక్షణం తెలియాలి. ఆ మాట ఉపగ్రహంలో లేదు. అది వచ్చే దారే మీ సిమ్.

మన రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వే కోసం సర్వే ఆఫ్ ఇండియాతో కలిసి నిరంతరం పనిచేసే బేస్ స్టేషన్ల, అంటే పైన చెప్పిన రెండో రిసీవర్ల, వలయాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఒక్కో స్టేషన్ తాను విన్నదాన్ని సెకనుకోసారి కేంద్ర సర్వరుకు పంపుతుంది. మీ రోవర్ మొబైల్ నెట్ ద్వారా ఆ సర్వరుకు యూజర్ పేరు, పాస్‌వర్డు ఇచ్చి లోపలికి వెళ్లి, తనకు కావాల్సిన ధారను ఎంచుకుంటుంది. ఆ ధారను మౌంట్ పాయింట్ అంటారు. ఈ రాకపోకల నియమావళి పేరు ఎన్‌ట్రిప్. జర్మనీ భూమాపన సంస్థ రూపొందించినది, వెబ్ పేజీలు వచ్చే హెచ్‌టీటీపీ పద్ధతి మీదే నడుస్తుంది. ఆ ధారలో ప్రవహించే భాష ఆర్‌టీసీఎం. అందులో ప్రతి సందేశానికీ ఒక సంఖ్య. 1005 లేదా 1006 అంటే బేస్ ఎక్కడుందో చెప్పేది. 1074 జీపీఎస్ కొలతలు, 1084 రష్యా గ్లోనాస్, 1094 ఐరోపా గెలీలియో, 1124 చైనా బైడూ. మన నావిక్‌కూ 1131 నుంచి 1137 వరకు సంఖ్యలు కేటాయించారు. ప్రతి సందేశం చివర 24 బిట్ల తనిఖీ ఉంటుంది. దారిలో చెడిన సందేశాన్ని రోవర్ వాడదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నెట్‌వర్క్ పద్ధతిలో, మీరున్న చోటికి తగ్గ సవరణలు తయారుచేయడానికి సర్వరుకు మీరెక్కడున్నారో తెలియాలి. అందుకని రోవర్ తన సుమారు స్థానాన్ని జీజీఏ అనే వాక్యంగా సర్వరుకు పంపుతుంది. మీ వైపు నుంచి స్థానం బయటికి వెళ్లేది ఈ ఒక్కచోటే. అది కూడా ఆకాశానికి కాదు, సెల్ టవరుకు.

ఆ జీజీఏ వాక్యంలోనే మీ రోగ నిర్ధారణ అంతా ఉంది. అందులో నాణ్యత అంకె 1 అయితే రోవర్ ఒంటరిగా పనిచేస్తోంది. 2 అయితే ఏదో ఒక స్థూల సవరణ అందుతోంది. 4 అయితే ఫిక్స్, 5 అయితే ఫ్లోట్. ఆ వాక్యం చివర్లో సవరణ వయసు ఉంటుంది, చివరి సవరణ అంది ఎన్ని సెకన్లయిందో చెబుతుంది. చాలా రోవర్ల తెర మీద ఇది కనిపిస్తుంది, కానీ మనవాళ్లు చూసేది ఉపగ్రహాల సంఖ్యనే. వయసు ఒకటి రెండు సెకన్లలో ఉండి కూడా ఫ్లోట్ చూపిస్తే తప్పు ఆకాశం వైపు ఉంది. చెట్లు, పక్క డాబా గోడ నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని, లేదా బేస్ మరీ దూరం కావడం. వయసు 10, 20, 30 అని పెరుగుతూ పోతుంటే ఆకాశంలో ఏ తప్పూ లేదు, సిమ్ దారి తెగింది. మీరు చెప్పిన లక్షణం రెండోదే.

సిమ్ దారికి పెద్ద వేగం అక్కర్లేదు. సెకనుకు వెయ్యి రెండువేల బైట్లు చాలు. కావాల్సింది తెగకుండా రావడం. కవిటి, ఇచ్ఛాపురం వైపు ఒక ప్రత్యేకమైన చిక్కు కూడా ఉండే వీలుంది. ఒడిశా సరిహద్దు పక్కనే కాబట్టి సిమ్ అటువైపు టవరును పట్టుకోవచ్చు. అది వేరే టెలికాం సర్కిల్. రోవర్‌లో రోమింగ్ డేటా ఆపి ఉంటే సిగ్నల్ కడ్డీలు నిండుగా కనిపిస్తూనే డేటా రాదు. ముందు ఆ అమరిక చూడండి. దాంతో తీరకపోతే మీ ప్రాంతంలో బలంగా ఉన్న మరో కంపెనీ సిమ్ వేయండి, లేదా సిగ్నల్ దొరికే ఎత్తులో ఫోను పెట్టి హాట్‌స్పాట్ ద్వారా ఇవ్వండి. సొంత బేస్, యూహెచ్‌ఎఫ్ రేడియో ఉన్న సెట్టు దొరికితే సిమ్‌తో పనే లేదు. తెలిసిన పాయింటు మీద బేస్ నిలబెడితే అది రేడియోలో నేరుగా రోవర్‌కు చెబుతుంది. కొబ్బరితోటల్లో రేడియో దూరం తగ్గుతుంది కాబట్టి బేస్ యాంటెన్నాను వీలైనంత ఎత్తున పెట్టాలి.

‘సవరణలు కూడా ఉపగ్రహం నుంచే పంపవచ్చు కదా’ అని రైతు మళ్లీ అడగవచ్చు. పంపుతున్నారు, కానీ సెంటీమీటర్లకు సరిపడేవి కావు. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నడిపే గగన్ అలాంటిదే. దేశంలో 15 చోట్ల ఉన్న కేంద్రాలు జీపీఎస్‌ను వింటాయి, మనకు దగ్గరది భువనేశ్వర్‌లో ఉంది. వాటి కొలతలు బెంగళూరులో సవరణలుగా మారి, జీశాట్ ఉపగ్రహాలకు చేరి, అక్కడి నుంచి జీపీఎస్ వాడే ఎల్1 ఫ్రీక్వెన్సీ మీదే సెకనుకు 250 బిట్ల వేగంతో దేశమంతటికీ కురుస్తాయి. మామూలు జీపీఎస్ యాంటెన్నాతోనే వినవచ్చు. గగన్ అసలు ఉద్దేశం విమానాలు. సవరణ చెప్పడం కంటే, ‘ఈ ఉపగ్రహాన్ని నమ్మవద్దు’ అని సెకన్లలో హెచ్చరించడమే దాని ముఖ్యమైన పని. ఐరోపావారి గెలీలియో 2023 జనవరి నుంచి ఇంకా మెరుగైన సవరణలను ఉచితంగా ప్రసారం చేస్తోంది. అది 20 సెంటీమీటర్ల స్థాయి. గట్టు తగాదా తీర్చడానికి అదీ చాలదు.

ఇక బారువ సంగతి. మామయ్య గారి జీపీఎస్‌కు మీటర్ల లెక్క చాలు కాబట్టి సిమ్ అవసరం లేదు. అయితే పడవ ఎక్కడుందో అది ఆయనకు మాత్రమే చెబుతుంది. ఒడ్డున ఉన్నవారికి చెప్పదు, ఉపగ్రహానికీ తెలియదు. ‘జీపీఎస్ ఉంది కదా, మనం ఎక్కడున్నా కనిపెడతారు’ అన్న నమ్మకం మన మత్స్యకార గ్రామాల్లో బలంగా ఉంది. ఈ నమ్మకం ప్రాణాల మీదకు తెస్తుంది, దయచేసి ఆయనకు వివరంగా చెప్పండి. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన మన ప్రాంతం మత్స్యకారులు పాకిస్తాన్ బలగాలకు చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇల్లు చేరలేదు. సముద్ర సరిహద్దు ఏ ఉపగ్రహ సంకేతంలోనూ ఉండదు. ఆ గీతను పరికరంలో ముందే ఎక్కించుకుంటేనే అది హెచ్చరించగలదు.

సముద్రంలో వార్త అందుకునే దారులు వేరే ఉన్నాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ తుఫాను, ఎత్తైన అలల హెచ్చరికలనూ చేపలు దొరికే ప్రాంతాల సమాచారాన్నీ గగన్ ఉపగ్రహాల ద్వారా జెమిని అనే పరికరానికి పంపే ఏర్పాటును 2019 అక్టోబరులో తెచ్చింది. పరికరం ఉపగ్రహం మాట విని బ్లూటూత్ ద్వారా ఫోనుకు అందిస్తుంది. సెల్ టవర్ల అవసరం లేదు. 2018లో తిత్లీ తుఫాను మన తీరాన్ని ఎలా ఊడ్చిందో చూసినవారికి ఈ నాలుగు అక్షరాల విలువ వేరే చెప్పక్కర్లేదు. కానీ ఇదీ వినే దారే. పైకి చెప్పాలంటే ఆపద సమయంలో మీట నొక్కి పంపే పరికరం వేరే ఉండాలి. ఇస్రో తయారుచేసిన రెండో తరం ఆపద సంకేత పరికరం పడవ స్థానాన్ని వేరే ఉపగ్రహ మార్గంలో పైకి పంపుతుంది. ‘మీ సందేశం అందింది’ అన్న జవాబు నావిక్ సందేశాల్లో తిరిగి వస్తుంది. చైనా బైడూ వ్యవస్థ ఒక్కటే నావిగేషన్ ఉపగ్రహాల ద్వారానే రెండువైపులా చిన్న సందేశాలు పంపే సేవను మొదటి నుంచీ పెట్టుకుంది. అందుకు కూడా పైకి ప్రసారం చేయగల ప్రత్యేక పరికరం కావాలి.

మామయ్య గారి కోసం ఇంకో రెండు మాటలు. పాత జీపీఎస్ తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తుంటే అది చెడిపోయిందనుకోవద్దు. పాత సందేశంలో వారం సంఖ్యకు 10 బిట్లే ఇచ్చారు, 1024 వారాలకు అది సున్నా అవుతుంది. 2019 ఏప్రిల్‌లో అలా అయింది. తేదీ తప్పినా స్థానం సరిగ్గానే ఉండవచ్చు, తెలిసిన రేవు దగ్గర సరిచూసుకుంటే చాలు. రెండోది ఇంకా ముఖ్యం. ఫోను దశాంశాల్లో చూపిస్తుంది, పడవ పరికరం సాధారణంగా డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తుంది. కళింగపట్నం దగ్గర ఫోను 18.34 అని చూపిస్తే అది 18 డిగ్రీల 20.4 నిమిషాలు, 18 డిగ్రీల 34 నిమిషాలు కాదు. ఆపదలో ఉన్న పడవ నుంచి వైర్‌లెస్‌లో ఈ అంకెను తప్పుగా చదివితే వెతికే నౌక 25 కిలోమీటర్లు ఉత్తరాన వెతుకుతుంది.

మళ్లీ మీ రోవర్ దగ్గరకు. సిమ్ బాగుండి, ఆకాశం విశాలంగా ఉండి కూడా ఫిక్స్ నిలవని సందర్భం మన ప్రాంతంలో ఒకటుంది, అది సాయంత్రం పొద్దుగుంకాక. భూ అయస్కాంత మధ్యరేఖ దేశం దక్షిణ కొసన వెళుతుంది. రాకెట్ కేంద్రానికి కేరళలోని తుంబాను ఎంచుకున్నది కూడా అందుకే. ఆ రేఖకు ఇరువైపులా ఉన్న ప్రాంతాల్లో సూర్యుడు అస్తమించాక ఐనోస్ఫియర్ పొర చెదిరి, బుడగలు బుడగలుగా లేస్తుంది. వాటి గుండా వచ్చే సంకేతం వణుకుతుంది, తరంగాల లెక్క తప్పుతుంది, పూర్ణసంఖ్యలను మళ్లీ మొదటి నుంచి తేల్చుకోవాలి. మార్చి, ఏప్రిల్‌లోనూ సెప్టెంబరు, అక్టోబరులోనూ, సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉండే సంవత్సరాల్లోనూ ఈ బెడద ఎక్కువ. పగటి ఎండకు భయపడి సాయంత్రానికి పని వాయిదా వేయకుండా, ఆ నెలల్లో కొలతలు తెల్లవారుజామునే మొదలుపెట్టండి. నావిక్ ఎస్ బ్యాండులో ఐనోస్ఫియర్ వల్ల కలిగే ఆలస్యం ఎల్5 కంటే నాలుగున్నర రెట్లు తక్కువ. ఎస్ బ్యాండు వినగలిగే సర్వే రిసీవర్లు గ్రామ స్థాయికి రావాలని మనం అడగాలి, గట్టిగా అడగాలి.

సిమ్ ఏ విధంగానూ దొరకని తోటలు కొన్ని ఉంటాయి. అక్కడ ఫిక్స్ కోసం ఎదురుచూడకుండా రోవర్‌ను ట్రైపాడ్ మీద నిలబెట్టి, అది వింటున్నదంతా అలాగే నమోదు చేసుకునేలా రా డేటా రికార్డింగ్ పెట్టండి. చెట్ల కింద అయితే ఎక్కువసేపు ఉంచాలి. తర్వాత ఆఫీసులో ఆ ఫైలును రైనెక్స్ అనే, ఏ కంపెనీ సాఫ్ట్‌వేరైనా చదవగల రూపంలోకి మార్చి, అదే సమయానికి దగ్గరి బేస్ స్టేషన్ నమోదు చేసిన ఫైలుతో కలిపి లెక్కిస్తే, ఆర్‌టీకే చేసే పనే కొన్ని గంటలు ఆలస్యంగా జరుగుతుంది. సిమ్ క్షణంలో తెచ్చేదాన్ని మీరు సాయంత్రం తెచ్చి కలుపుతున్నారు. పాయింటు పేరు, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, సరిహద్దు రాయి మీద నుంచి యాంటెన్నా ఎత్తు ఫీల్డు పుస్తకంలో రాసుకోండి. ఎత్తును టేపుతో రెండు వైపుల నుంచి కొలవండి. తర్వాత ఏ ఫైలులో వెతికినా అది దొరకదు.